పారిపోని పక్షులు

దానవాయిపేట, రాజమండ్రి
జూన్ నెలాఖరు

చిరంజీవి ప్రసన్నకి,

ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ", "సరే అత్తయ్యా", "ఉంటాను" అనే మాటలతో సరిపెడతావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి. కాగితం మీదయితే నువ్వు మనిషిలా మాట్లాడతావు. నల్ల స్కెచ్ పెన్నుతో, పెద్ద అక్షరాలతో రాస్తే భూతద్దం పెట్టుకుని చదువుకుంటాను.

నా కుడికన్ను నడిమి చూపు ఎప్పుడో పోయిందని మీ అందరికీ తెలుసు. ఎడమ కన్నూ అదే దారి పట్టిందని మొన్న డాక్టరు చెప్పాడు. పూర్తి గుడ్డితనం కాదు. చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా నడిమధ్యలో పొగ కమ్ముతుంది. ఎవరి మొహం చూద్దామన్నా మొహం ఉండాల్సిన చోట పొగ, దానికి అటూ ఇటూ చెవులు. ఇంజెక్షన్లతో కొంతకాలం ఆపవచ్చట. ఎంతకాలమండీ అంటే "చూద్దామండి" అన్నాడు. కంటి డాక్టరు అనాల్సిన మాటేనా అది?

ఆ రోజు ఇంటికి వచ్చి ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ కన్ను పనిచేస్తుండగానే గలపాగోస్ దీవులు చూడాలి. పసిఫిక్ సముద్రం నడుమ ఉన్నాయి. నీళ్ల అడుగున అగ్నిపర్వతాలు పొంగి, ఆ లావా గడ్డకట్టి పైకి లేచిన దీవులు. ఏ ఖండానికీ అతుక్కుని పుట్టినవి కావు. కొట్టుకొచ్చిన తొండలూ తాబేళ్లూ, ఎగిరొచ్చిన పిట్టలూ అక్కడ బతికి, దీవికో తీరుగా మారాయి. కాలేజీలో జువాలజీ చెప్పినన్నాళ్లూ అక్కడి పిట్టల ముక్కులు బోర్డు మీద గీసి, ఆడపిల్లల చేత గీయించి, మార్కులు వేశాను. ఒక్క ముక్కూ నేను చూసింది కాదు. వంట రానివాడు వంటల పుస్తకం చదివి వినిపించినట్టు ఉండేది నాకు.

ఇంకో కారణం ఉంది. అది నీకు మాత్రమే చెప్తున్నాను. మన పెరట్లో గోరింక నేను పదడుగుల దూరంలో ఉండగానే లేచిపోతుంది. పదడుగుల్లో నాకు గోరింక ఒక మరక. అక్కడి జంతువులకి మనిషంటే భయం తెలియదట. దగ్గరికి వెళ్లినా పారిపోవట. అంటే నేను చూడగలిగిన పక్షులు ఈ భూమ్మీద అక్కడే మిగిలాయి.

ఒక్కదాన్నే వెళ్లలేను. నువ్వు రావాలి.

మీ అత్తయ్య,
కన్యకాపరమేశ్వరి


తుని
జూలై మొదటి వారం

అత్తయ్యకి నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివి, నాకు మాత్రమే అన్న పేజీ తీసేసి, మిగతాది భోజనాల దగ్గర నాన్న కంచం పక్కన పెట్టాను. నేను ఎవరికైనా ఏదైనా చెప్పడం అంటే అదే కదా.

నాన్న చెయ్యి కడుక్కోకుండానే చదివారు. "కాశీ తీసుకెళ్తాను అక్కయ్యా అంటే మోకాళ్ల నొప్పులంది. తొండల్ని చూడ్డానికి భూగోళం అవతలికి వెళ్తానంటుందా?" అన్నారు.

"తొండలొక్కటే కాదండీ, తాబేళ్లు కూడాను" అంది అమ్మ.

"తాబేళ్లయితే శ్రీకూర్మంలో లేవా? పొద్దున్న వెళ్తే సాయంత్రానికి వచ్చేస్తాం. దణ్ణమూ పెట్టుకోవచ్చు."

కొట్లో పట్టుచీరల బేరం ముగించినట్టు నాన్న మాట ముగించారు.

నేను పనిచేసే స్కూల్ లైబ్రరీలో ఆ దీవుల మీద ఒక పాత పుస్తకం ఉంది. దొరికింది చదివాను, మిగిలింది ఇంటర్నెట్‌లో చూశాను. గైడ్ లేకుండా ఒక్క అడుగు కూడా వేయనివ్వరు. ఏ జంతువుకైనా ఆరడుగుల దూరంలో ఉండాలి. తాకకూడదు, పిలవకూడదు, తిండి చూపించకూడదు. అది పారిపోకపోయినా మనం ఆగాలి. అందుకని అడుగుతున్నాను. ఆరడుగుల దూరంలో మీకు ఏం కనిపిస్తుంది అత్తయ్యా?

మీతో రావడానికి మండపేట బాబాయి గారి కిరణ్ అయితే బాగుంటుందేమో. వాడికి విమానాలు అలవాటు. ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతాడు. నేను ఆటోవాణ్ణి చిల్లర అడగడానికి కూడా సందేహిస్తాను. స్పానిష్ మాట్లాడే దేశంలో మీకు నేను ఏం పనికొస్తాను? ఇది వంకని అనుకోకండి.

మీ
ప్రసన్న


దానవాయిపేట, రాజమండ్రి
జూలై

చిరంజీవి ప్రసన్నకి,

వంకే.

కిరణ్‌తో వెళ్తే వాడు కనపడిందీ చెప్తాడు, కనపడనిదీ చెప్తాడు. సెల్ఫీ దిగి నా మొహం పక్కన పక్షిని పెడతాడు. నాకు మాట్లాడ్డం వచ్చిన మనిషి అక్కర్లేదు. చూడ్డం వచ్చిన మనిషి కావాలి. నీ చిన్నప్పుడు మా ఇంటికి వస్తే, చీమల బారు పక్కన పొద్దుటి నుంచి అన్నాల వేళ దాకా కూర్చున్న పిల్లవి నువ్వు. మీ అమ్మ నీకేదో జబ్బని దిష్టి తీయించింది.

మీ నాన్నకి చెప్పు. శ్రీకూర్మం తాబేళ్లు రెండు చేతుల్లో ఇమిడిపోతాయి. అక్కడివి మీ కొట్లో గల్లాబల్ల అంత ఉంటాయి. మీ నాన్న కంటే బరువు, మీ నాన్న కంటే నెమ్మది, మీ నాన్న కంటే తక్కువ మాట్లాడతాయి.

ఆరడుగుల సంగతి నాకు తెలియదు. నువ్వు అడిగావు కాబట్టి పరీక్ష పెట్టుకున్నాను. కింద వాటాలో అద్దెకుండే నూకరత్నం నీకు తెలుసుగా, వీధి చివర టిఫిన్ బండి. వరండాలో ఆరడుగులు కొలిచి గీత గీయించి, గీతకి అవతల ఏదో ఒకటి పట్టుకుని నిలబడమన్నాను. ముందు వంకాయ పట్టుకుంది. చెప్పాను. తర్వాత పోపుల గరిటె. చెప్పాను. ఆ తర్వాత దొండకాయ పట్టుకుంటే చిలక అన్నాను. నూకరత్నం వరండాలో కూలబడి నవ్వింది. "చిలకేనండి, ఉడకేస్తే కూతలేస్తాది" అంది.

కాబట్టి ఈ రోజుకి ఆరడుగుల్లో నాకు పెద్దవి కనిపిస్తాయి, చిన్నవి సరిగ్గా కనిపించవు. ఏప్రిల్‌లో మీ స్కూలుకి సెలవులిస్తారు. అప్పుడు వెళ్దాం. అప్పటిదాకా కన్ను నిలబడుతుంది.

ఇంకొకటి. అక్కడికి గింజ అన్నది పోకూడదు. మేకల్నీ, ఎలుకల్నీ, పండ్ల మొక్కల్నీ మనుషులే తీసుకెళ్లి ఆ దీవుల్ని సగం నాశనం చేశారు. ఇప్పుడు బూటు అడుగున మట్టి కూడా ఒప్పుకోరు. మీ అమ్మ మాగాయ, కందిపొడి, మెంతులు అంటూ మొదలుపెడుతుంది. నీ చేత్తో బయట పెట్టు. ముప్పయ్యేళ్లు పాఠం చెప్పినదాన్ని, ఆ దీవులకి నా సంచిలో ఒక్క ఆవగింజ పోయినా నేను మళ్లీ ఎవరికీ మొహం చూపించలేను.

అత్తయ్య


తుని
ఆగస్టు

అత్తయ్యకి నమస్కారం.

నేనే వస్తాను.

ఆ ఒక్క వాక్యం రాయడానికి ఇంతకాలం పట్టింది. క్షమించండి.

విశాఖలో ఉదయ్‌భాస్కర్ గారని ట్రావెల్స్ ఆయనతో మాట్లాడాను. ముందు అనుకున్నవి కాగితం మీద రాసుకుని చదివాను. గలపాగోస్ అనగానే "ఎందుకండీ అంత దూరం, బాలీలో కూడా అగ్నిపర్వతం ఉంది, ప్యాకేజీలో బ్రేక్‌ఫాస్ట్ కూడా" అన్నారు. పక్షులు ఉండాలండీ అన్నాను. "సింగపూర్‌లో బర్డ్ పార్క్ ఉందండి" అన్నారు. పారిపోని పక్షులు కావాలి అన్నాను. "పార్కులోవి కూడా పారిపోవండి, వల ఉంటుంది" అన్నారు. ఆయన తప్పు లేదు. అక్కడికి ఎవరినీ పంపలేదట. చివరికి ఆయనే సరదాపడి వివరాలు తెప్పించారు. విశాఖ, ఢిల్లీ, మాడ్రిడ్, ఆ తర్వాత ఆ దీవులున్న దేశం రాజధాని కీటో. అక్కడినుంచి దీవులకి ఇంకో విమానం. ఆ తర్వాత చిన్న ఓడ. రాత్రిళ్లు ఓడ నడుస్తుంది, పగళ్లు దీవి మీద దింపుతారు.

ఎస్పన్యోలా అని ఒక దీవి ఉంది. చాలా పాతది, అగ్నిపర్వతం ఎప్పుడో చల్లారిపోయింది. ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షుల్లో ఒక జాతి గుడ్లు పెట్టేది దాదాపు అక్కడే. రెక్కలు చాపితే మన గది ఇటు గోడ నుంచి అటు గోడ దాకా వస్తాయట. అంత పెద్ద పక్షి ఆరడుగుల్లో మీకు తప్పకుండా కనపడుతుంది. ఏప్రిల్‌కి అవి సముద్రం నుంచి తిరిగి వస్తుంటాయి. ఆ దీవికి వెళ్లే ఓడనే అడిగాను.

అమ్మ నిజంగానే మాగాయతో మొదలుపెట్టింది. మీరు రాసింది చదివి వినిపించాను. "అయితే అన్నంలోకి ఏం తింటార్రా?" అంది.

మీ ఉత్తరం రెండో పేజీలో రాసిన వరస మీదే ఇంకో వరస రాశారు. రెండూ విడదీసి చదువుకున్నాను. కరెంటు లేనప్పుడు రాశారా?

ప్రసన్న


దానవాయిపేట, రాజమండ్రి
సెప్టెంబరు

చిరంజీవి ప్రసన్నకి ఆశీస్సులు.

నా చేతికి కాస్త నొప్పిగా ఉండి ఈ ఉత్తరం నూకరత్నం చేత రాయిస్తున్నాను. పదో తరగతి దాకా చదివింది, దస్తూరీ నా కంటే బాగుంటుంది.

ఏప్రిల్ ప్రయాణం వద్దనుకుంటున్నాను. మోకాళ్లు బాగా నొప్పి చేశాయి. లావా రాళ్ల మీద నడవడం నా వల్ల అయ్యేలా లేదు. మీ నాన్న చెప్పిందీ నిజమే, ఈ వయసులో అంత దూరం ఎందుకు? వచ్చే ఏడాదో, ఆ పై ఏడాదో చూద్దాం. ఉదయ్‌భాస్కర్ గారికి ఆ మాట చెప్పెయ్యి. నువ్వేమీ నొచ్చుకోకు. నువ్వు వస్తానన్నావు, నాకు అది చాలు.

అత్తయ్య

పాపగారికి నూకరత్నం నమస్కారమండి. పైనున్నదంతా అమ్మగారు చెప్పింది చెప్పినట్టే రాసేనండి. మోకాళ్ల మాట అబద్ధమండి. నిన్న కూడా గోదారి గట్టుదాకా నడిచొచ్చేరు. వినాయక చవితి వెళ్లిన వారం అమ్మగారు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టబోయి గాల్లో పెట్టేరండి. గ్లాసు పగిలింది, కాలు కాలింది. ఆటోలో నేనే ఆస్పత్రికి తీసుకెళ్లేను. ఎడమ కంట్లో రక్తం చెమ్మ చేరిందంటండి. ఇంజెక్షన్ చేసేరు. ఇప్పుడు కాస్త తేరుకుంది గానండి, ఏప్రిల్ దాకా ఈ చూపు ఉంటాదని మాత్రం చెప్పలేమన్నారు. ఆ రోజు అమ్మగారు పిట్టల బొమ్మల పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసేసేరండి. నాకది నచ్చలేదు. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. చెప్పొద్దన్నారు గానీ రాయొద్దనలేదండి.


తుని
సెప్టెంబరు

అత్తయ్యకి,

నూకరత్నం గారిని ఏమీ అనకండి. ఈ ఉత్తరం ఆవిడనే చదవమని చెప్పండి. చదివేటప్పుడు ఏదీ వదిలేయవద్దని కూడా చెప్పండి.

మనం నవంబరులో వెళ్తున్నాం. ఆల్బట్రాస్‌లు డిసెంబరు దాకా దీవి మీదే ఉంటాయట. పిల్లలు అప్పటికి బాగా పెరిగి ఎగరడానికి సిద్ధంగా ఉంటాయట. ఓడ మార్చాను. టిక్కెట్లు మార్చాను. మీ డాక్టరు గారికి ఫోన్ చేసి, ఒక ఇంజెక్షన్‌కీ ఇంకోదానికీ మధ్యలో ప్రయాణం చేయవచ్చా అని అడిగాను. చేయవచ్చన్నారు. ఈ పనులన్నీ అయ్యాక మీకు రాస్తున్నాను. ముందే అడిగితే వద్దంటారని.

నవంబరులో స్కూలుకి సెలవులు లేవు. మా ప్రిన్సిపాల్ సిస్టర్ గారి గది గుమ్మంలో నిలబడ్డాను. మీకు తెలుసు, ఆ స్కూల్లో చదువుకునే రోజుల నుంచీ ఆ గదిలో నాకు నోరు పెగలదు.

"ఏంటి సాయిప్రసన్నా, లైబ్రరీలో మళ్లీ చెదలా?" అన్నారు.

"కాదు సిస్టర్."

"ఫ్యాను పోయిందా?"

"కాదు సిస్టర్. నవంబరులో నాకు సెలవు కావాలి. చాలా రోజులు."

ఆవిడ కళ్లజోడు తీశారు. "పెళ్లి కుదిరిందా?"

"లేదు సిస్టర్. మా అత్తయ్యకి పక్షులు చూపించాలి."

"పక్షులు వేసవి సెలవుల్లో ఉండవా?"

"పక్షులు ఉంటాయి సిస్టర్. అత్తయ్యకి అప్పటికి కనపడకపోవచ్చు."

ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. సెలవు చీటీ మీద కుటుంబ అవసరం అని రాయమన్నారు. "పక్షులని రాయకు. కరెస్పాండెంట్ గారు నన్ను పదిసార్లు అడుగుతారు" అన్నారు. నేను గుమ్మం దాటాక వెనక్కి పిలిచి, పిల్లలకి చూపించడానికి ఫోటోలు తెమ్మన్నారు.

నాన్నకి ఈసారి కంచం పక్కన కాగితం పెట్టలేదు. నోటితోనే చెప్పాను. నాన్న అన్నం కలుపుతూ ఆగిపోయారు. "అక్కయ్యకి అంత దాకా వస్తే నాతో ఎందుకు అనలేదు?" అన్నారు.

"శ్రీకూర్మం వెళ్దామంటారని" అన్నాను.

అమ్మ మొహం తిప్పుకుని నవ్వింది. నాన్నకి కోపం రాలేదు. మర్నాడు ఉదయ్‌భాస్కర్ గారితో ఆయనే మాట్లాడారు, విమానంలో మీకు నడవ పక్క సీటు ఉండాలని.

మీరు చేయాల్సిన పని ఒక్కటే. బీరువా తాళం తీయండి.

ప్రసన్న


దానవాయిపేట, రాజమండ్రి
అక్టోబరు

ప్రసన్నా,

తీశాను.

నూకరత్నం నీ ఉత్తరం వీధిలో వాళ్లకి కూడా వినిపించేంత గట్టిగా చదివింది. "వదిలేయవద్దు" అన్న చోట రెండుసార్లు చదివింది. దాన్ని ఇల్లు ఖాళీ చేయమన్నాను. "నవంబరు దాకా ఆగండి, ఇంటికి కాపలా ఎవరుంటారు?" అంది.

ఇది నేనే రాస్తున్నాను. అందుకే నాలుగు వరసలే. కొత్త బూట్లు కొన్నాను. నడవడం అలవాటు చేసుకుంటున్నాను. కర్ర కూడా తీసుకున్నాను, చివర రబ్బరు ఉంది. నాకు భయంగా ఉంది. అంత దూరం వెళ్లి, పక్షి ఎదురుగా నిలబడి ఉంటే నాకు పొగ మాత్రమే కనపడితే ఏం చేయాలి? ఆ మాట ఒకసారి ఎవరికైనా చెప్పాలనిపించింది. జవాబు రాయకు.

ముందురోజు తుని వచ్చేస్తాను. అక్కడినుంచి అందరం కలిసి విశాఖ.

అత్తయ్య


తుని
డిసెంబరు

అత్తయ్యకి నమస్కారం.

మనం తిరిగొచ్చి రెండు వారాలయింది. నాకు ఇంకా మధ్యాహ్నం నిద్ర వస్తోంది. ఫోటోలు పిల్లలకి చూపించాను. నీలిపాదాల పక్షి ఫోటో చూసి రెండో తరగతి పిల్లాడు "సాక్సులు ఎవరు వేశారు టీచర్?" అన్నాడు.

మీకు రెండు విషయాలు రాయాలి. ఒకటి మీతో చెప్పనిది, రెండోది మిమ్మల్ని అడగనిది.

కీటో విమానాశ్రయంలో దీవులకి వెళ్లే ముందు సామాను సోదా చేశారు కదా. మీరు అవతల కుర్చీలో కూర్చున్నారు. ఎందుకింత ఆలస్యం అంటే ఏమీ లేదన్నాను. ఉంది.

మనం ఎంత జాగ్రత్త పడ్డాం అత్తయ్యా. పాత టూత్‌బ్రష్‌తో బూట్లు తోముకున్నాం. సంచుల మూలలు దులిపాం. అమ్మ దాచిన మెంతిపొడి మూడు చోట్ల దొరికితే మూడూ తీసేశాం. అంతా అయ్యాక, సంచులు భుజాన వేసుకుని, గుమ్మంలో నాన్నకీ అమ్మకీ దణ్ణం పెట్టాను. మీరు పక్కనే ఉన్నారు. అమ్మ అక్షింతలు వేసింది. నాన్నయితే పళ్లెంలో ఉన్నవన్నీ మన ఇద్దరి మీదా కుమ్మరించారు.

నా సంచి ముందు అరలో, మీ టోపీ అంచులో, స్వెట్టరు మడతలో పసుపు బియ్యం. తనిఖీ చేసే ఆవిడ చేతి తొడుగులు వేసుకుని ఒక్కో గింజా తీసి తెల్ల డబ్బాలో వేసింది. మనం గింజలేమీ లేవని సంతకం పెట్టిన కాగితం నా కళ్ల ముందే బల్ల మీద ఉంది. వెనక్కి పంపేస్తారనుకున్నాను. అప్పుడు మీ వైపు చూశాను. మీరు కర్ర పట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నారు.

తర్వాత నేను చాలా మాట్లాడాను. ఫోన్లో నేర్చుకున్న స్పానిష్, ఇంగ్లీషు, చేతులు. ఆవిడ తల మీద వేస్తున్నట్టు చేసి చూపించాను. మా అమ్మా నాన్నా, బియ్యం, దీవెన అన్నాను. ఆవిడ ఇంకొకాయన్ని పిలిచింది. ఆయనకీ మొదటి నుంచి చెప్పాను, ఇంకా గట్టిగా. ఆయన నవ్వి, మా దగ్గర కూడా పెళ్లిళ్లలో బియ్యం వేస్తారు అన్నాడు. మీ వైపు చూపించి, పెళ్లికూతురు ఆవిడేనా అన్నాడు. అవునన్నాను. ఆ మాటకి ఏమీ అనుకోకండి.

జుట్టు రేగిందని చెప్పి మీ ముడి విప్పి మళ్లీ వేశాను, గుర్తుందా. అందులో ఇంకా చాలా ఉన్నాయి. మీరు సిగ్గుపడతారని చెప్పలేదు.

రెండోది. ఎస్పన్యోలా దీవి మీద మనం గైడ్ వెనక రాళ్ల మీద కూర్చున్నాం. ఒక పక్షి, ఆల్బట్రాస్ కాదు, గోరింక అంతది, పొడుగు ముక్కుది, తనే నడుచుకుంటూ వచ్చి మీ బూటు లేసు లాగింది. ఆరడుగులు కాదు, అడుగు కూడా లేదు. గైడ్ కదలవద్దన్నాడు. నేను మీ చెవిలో చెప్తూనే ఉన్నాను, బూడిద రంగు, తెల్లటి పొట్ట, కన్ను నల్లగా ఉంది అని. మీరు దాని వైపు చూడనేలేదు. సముద్రం వైపు చూస్తున్నారు. మీ చెయ్యి పట్టుకుంటే వణుకుతోంది. మీకు పొగ మాత్రమే కనపడుతోందని నాకు అర్థమయింది. అందుకే అలసిపోయారా అని అడిగి, పడవ దగ్గరికి తీసుకొచ్చేశాను. మిగతా రోజుల్లో మీరు ఎక్కువ మాట్లాడలేదు. నేనూ అడగలేదు. అంత మాట్లాడిన దాన్ని అది మాత్రం అడగలేకపోయాను.

అత్తయ్యా, మీకు ఏమైనా కనిపించిందా?

ప్రసన్న


దానవాయిపేట, రాజమండ్రి
డిసెంబరు

చిరంజీవి ప్రసన్నకి,

నూకరత్నం రాస్తానంది. ఈ ఉత్తరం నేనే రాయాలన్నాను. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే విడదీసి చదువుకో, నీకు అలవాటేగా.

నిన్న ఇంజెక్షన్‌కి వెళ్లాను. ఎడమ కన్ను ఇంకొంచెం తగ్గిందన్నాడు డాక్టరు. సరేనండి అన్నాను. నాకు వినపడలేదనుకున్నాడో ఏమో, మళ్లీ చెప్పాడు. మళ్లీ సరేనండి అన్నాను. నిద్ర బాగా పడుతోందా అని అడిగాడు. ఈ మధ్య పడుతోందన్నాను. జూన్ నుంచీ పట్టలేదు, ఇప్పుడు పడుతోంది.

బియ్యం సంగతి నాకు తెలుసు. కళ్లు కనపడవు గానీ చెవులు ఉన్నాయి కదా. పుట్టినప్పటి నుంచీ నువ్వు అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ముందు ఎవరో మన తెలుగమ్మాయి పోట్లాడుతోందనుకున్నాను. ముడి విప్పినప్పుడు ఒక గింజ నా మెడ మీదుగా వీపులోకి జారింది. ఓడ ఎక్కాక తీసి, కాగితంలో కట్టి, తిరిగి వచ్చేటప్పుడు ఢిల్లీలో చెత్తబుట్టలో వేశాను. అది దంపిన బియ్యపు గింజ, మొలకెత్తదు. అయినా ఆ దీవుల దాకా నా వీపు మీద ఒక గింజ మోసుకెళ్లానని ఎవరికీ చెప్పకు. పెళ్లికూతుర్ని అన్నందుకు నేనేమీ అనుకోలేదు. చీర మాత్రం ఇంకొంచెం మంచిది కట్టుకునేదాన్ని.

ఇప్పుడు నువ్వు అడిగింది.

అక్టోబరులో ఆస్పత్రిలో ఒక అమ్మాయి నాకు చూడ్డం నేర్పింది. పొగ నడిమధ్యనే ఉంటుంది కదా. దేన్ని చూడాలో దాని మీద కన్ను పెట్టకూడదట, కొంచెం పక్కన పెట్టాలట. మామిడిపండు చూడాలంటే పక్కనున్న గోడని చూడాలి, అప్పుడు పండు కనపడుతుంది. నీకు చెప్పలేదు. చెప్తే నువ్వు నా కళ్లు ఎటు తిరుగుతున్నాయో చూస్తూ కూర్చుంటావు, పక్షుల్ని చూడవు.

ఆ పక్షి నా బూటు దగ్గరికి వచ్చినప్పుడు నేను సముద్రం మీద కన్ను పెట్టాను. సముద్రం మీద పెట్టి దాన్ని చూశాను. దానికి కళ్లు తలకి పక్కన ఉన్నాయి కాబట్టి నన్ను చూడాలంటే అది రాళ్ల వైపు తల తిప్పాలి. తిప్పింది. నేను సముద్రం వైపు, అది రాళ్ల వైపు. ఎవరైనా చూస్తే మా ఇద్దరికీ పడదనుకుంటారు.

కన్ను నల్లగా ఉందని నువ్వు చెప్పావు. కాదు. తేనె రంగు. నడుమ మాత్రం నల్ల చుక్క. ముక్కు మన గోరింక కంటే పొడుగు, చివర కొంచెం కిందికి వంగింది. లేసు లాగి, తినేది కాదని తెలిశాక కూడా ఇంకోసారి లాగింది. కుడికాలికి ఒక వేలు లేదు. గొంతు కింద ఈకలు గాలికి విడిపోయి మళ్లీ కలుస్తున్నాయి. నువ్వు చెవిలో చెప్తున్నావు, బూడిద రంగు, తెల్ల పొట్ట అని. నాకు నవ్వొచ్చింది, కదలవద్దన్నారని ఆపుకున్నాను. ఆ తర్వాత వచ్చింది నవ్వు కాదు.

అలసిపోయారా అత్తయ్యా అన్నావు. నోరు తెరిస్తే అక్కడే పెద్దగా ఏడుస్తానని తల ఊపాను. పడవలో అందరూ జబ్బు మనిషినని నిమ్మరసం ఇచ్చారు. తాగాను. మిగతా రోజులు మాట్లాడకపోవడం కూడా అందుకే. మాట్లాడితే చూసింది చెదిరిపోతుందేమోనని ఊరుకున్నాను. నువ్వు ఇన్నాళ్లూ దిగులు పడ్డావని తెలిస్తే ఆ పడవలోనే చెప్పేదాన్ని.

నేను వణికింది కనపడక కాదు ప్రసన్నా. అంత బాగా కనపడుతుందని నేను అనుకోలేదు.

అత్తయ్య